ఎరువుల కొట్టుకి వెళ్లిన ఫోను

పోయిన నెల బీచ్ రోడ్డులో ఒక హోటల్ హాల్లో జరిగిన సభకి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. సభ అన్నాను గానీ అది సభ కాదు. ఫోన్ల గురించి వీడియోలు చేసే ఒక యువకుడు, తన చానల్‌కి చేరినవాళ్ల సంఖ్య ఏదో పెద్ద అంకె దాటిందని, అందులో ఒకరికి కొత్త ఫోను ఉచితంగా ఇస్తున్నాడు. "తెలుగులో టెక్నాలజీ గురించి మొదట్లో రాసినవాళ్లలో మీరొకరట కదా మేడం, మీ బ్లెస్సింగ్స్ కావాలి" అని ఇంటికొచ్చి మరీ పిలిచాడు. బ్లెస్సింగ్స్ అడిగినవాడు నేను రాసింది ఒక్క ముక్కయినా చదివిన పాపాన పోలేదు. వేదిక మీదకి పిలిచేటప్పుడు నా పేరు కూడా తప్పే చదివాడు. తెర మీద రంగుల చక్రం గిర్రున తిరిగి ఒక పేరు దగ్గర ఆగింది. గాజువాక నుంచి వచ్చిన ఒకమ్మాయి పరుగున వచ్చి, ఫోను పెట్టె అందుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కెమెరా పట్టుకున్నవాడు "సిస్టర్, ఫోకస్ పోయింది, ఇంకోసారి రండి" అన్నాడు. ఆ పిల్ల పెట్టె తిరిగి ఇచ్చేసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ ఏడ్చింది. రెండోసారి ఇంకా బాగా ఏడ్చింది. హాలంతా చప్పట్లు. ఆ తర్వాత యువకుడు మైకు అందుకుని, మనమంతా ఒక కుటుంబం అన్నాడు. ఆ కుటుంబంలో ఒకరి మొహం ఒకరికి తెలియదు. పెట్టె ఎవరికి పోయిందో తేలగానే సగం కుటుంబం లేచి బిర్యానీ వైపు నడిచింది.

నేను బిర్యానీ తినకుండానే వచ్చేశాను. నీతిగా ఉండాలని కాదు, అక్కడ కూర్చుంటే ఎవరినో ఒకరిని తిట్టేస్తానని భయం వేసింది. ఆ సరుకు నాకు కొత్తేమీ కాదు. నా ఇరవైల్లో ఒకసారి నేనూ ఒక ఫోను ఉచితంగా పంచాను. ఆ ఫోను ఎవరికి వెళ్లిందో, వెళ్లి ఏం చేసిందో తలుచుకుంటే, ఆ హోటల్ హాల్లో తిరిగిన రంగుల చక్రం మీద నాకున్న కోపానికి కారణం దొరుకుతుంది.

అప్పుడు మేం స్టీల్ టౌన్‌షిప్ క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న తణుకు దగ్గర పల్లె నుంచి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. ఇంట్లో అన్నం వండే వేళ, నిద్రపోయే వేళ, టీవీ పెట్టే వేళ అన్నీ ఆయన షిఫ్టుని బట్టే నడిచేవి. రాత్రి డ్యూటీ వారమైతే ఆయన పగలంతా పడుకునేవారు. ఆ వారం అమ్మ పోపు కూడా మూత పెట్టి వేసేది. ముందు గదిలో కంప్యూటర్ ఉండేది. దానికి అమ్మ తెల్ల దారంతో అల్లిన ముసుగు. ప్లాంటు వైపు నుంచి గాలి తిరిగినరోజు తీగ మీది బట్టల మీద, గడప మీద, ఆ ముసుగు మీద కూడా నల్లటి నుసి పడేది. అమ్మ సాయంత్రం దీపం పెట్టేముందు బట్టలు దులిపి, గడప తుడిచి, ఆ చేత్తోనే మానిటర్ కూడా తుడిచేది. నాన్న నిద్రపోతున్నప్పుడు నేను దుప్పటి మడత మీద కీబోర్డు పెట్టుకుని, చప్పుడు కాకుండా ఒక్కొక్క అక్షరం నొక్కేదాన్ని. ఆయనకో అలవాటు ఉండేది. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా దాంతో వచ్చిన చిన్న పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా, జర్మన్ పేజీలు తప్ప, పైకి చదివేవారు. మిక్సీ కొన్నరోజు అమ్మ పచ్చడికి అన్నీ సిద్ధం చేసుకుని గంటన్నర అలాగే కూర్చుంది. నాకు వస్తువుల మీద శ్రద్ధ అక్కడినుంచే వచ్చి ఉంటుంది.

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని రోజుల్లో 'మీట' అని ఒక బ్లాగు మొదలుపెట్టాను. ఇంగ్లీషు సైట్లలో ఉన్నదాన్ని తెలుగులోకి దించి, కింద తమ పేరు వేసుకునేవాళ్లు అప్పటికే బోలెడు మంది ఉన్నారు. నాకు వాళ్లని చూస్తే కంపరం. నేను నా చేతికి తగిలిన కష్టాలే రాసేదాన్ని: కంప్యూటర్లో తెలుగు అక్షరాలు డబ్బాల్లా ఎందుకు కనిపిస్తాయి, ప్రింటరు తెల్ల కాగితమే ఎందుకు కక్కుతుంది, పాత ఫోను కొనేటప్పుడు ఏం చూడాలి. కింద పేరు 'కె.ఎస్.' అని పొడి అక్షరాలే వేసేదాన్ని. ఆడపిల్ల రాసిందంటే చదివేవాళ్లు విషయం వదిలేసి పలకరింపులు మొదలుపెడతారని అప్పటికే తెలుసు. దాంతో అందరూ నన్ను అన్నా, సార్, గురూ అనేవారు.

చదివేవాళ్లు తక్కువ. వాళ్లలో వ్యాఖ్యలు రాసేవాళ్లు ఇంకా తక్కువ. ప్రతి టపా కిందా తప్పకుండా వచ్చేది మాత్రం ఒక్కరే. ఆ మనిషి పెట్టుకున్న పేరు 'ఎరువుల కొట్టు', పక్కన ఊరు ఎలమంచిలి అని ఉండేది. "ఏరా అబ్బాయ్, ప్రింటరు సంగతి బాగానే చెప్పావు, 'కాట్రిడ్జి' అని మూడు చోట్ల మూడు రకాలుగా రాశావు, నీది ఏ బడి?" "ఈ వారం ఏమీ రాయలేదు, చచ్చావా బతికున్నావా?" ఇలా ఉండేవి. కొన్నిసార్లు నా ఒప్పుని కూడా తప్పని దబాయింపు. నిఘంటువు పేజీ చూపిస్తే "అచ్చు తప్పు అయ్యుంటుంది" అని తేల్చేయడం. పంచె ఎగ్గట్టుకుని, ముక్కు మీద కళ్లద్దాలు జార్చుకుని, పని లేక అందరినీ ఆడిపోసుకునే ముసలాయన ఒకాయన నా ఊహలో స్థిరపడిపోయాడు. ఆయన్ని తిట్టుకుంటూనే, ఏదైనా రాసి పెట్టాక ముందు ఆయన వ్యాఖ్య కోసమే చూసేదాన్ని.

అలాంటి రోజుల్లో హైదరాబాద్ నుంచి ఒక ఫోన్ల కంపెనీ తరఫున సందీప్ అనే అతను ఫోను చేశాడు. "కె.ఎస్. సార్ ఉన్నారాండీ?" అన్నాడు. నేనే అన్నాక రెండుసార్లు సారీ చెప్పాడు. తర్వాత తమ కొత్త ఫోను ఒకటి నా బ్లాగులో బహుమతిగా ఇద్దామన్నాడు. జనం ఎగబడి వస్తారట. పోటీ బాగా నడిస్తే వాళ్ల తెలుగు రాతకోతలన్నీ చూసే ఉద్యోగం హైదరాబాద్‌లో నాకే అట. టౌన్‌షిప్‌లో ఎదురైన ప్రతివాళ్లూ "ఇంకా ఖాళీయేనా అమ్మా" అని అడిగే కాలం అది. నేను ఒప్పుకోకుండా ఎలా ఉంటాను? పోటీ నియమాలు కూడా వాళ్లే రాసి పంపారు. కింద వ్యాఖ్య రాసిన ప్రతివారూ పోటీలో ఉన్నట్టే, ఒకరికి ఒకటే అవకాశం, గెలిచినవారు ఫోనుతో ఫోటో దిగాలి.

పెట్టె రాగానే నాన్న పుస్తకం పైకి చదివేశారు. అమ్మ దాన్ని చుట్టాల కంటా పక్కవాళ్ల కంటా పడకుండా బియ్యం డబ్బాలో, వేపాకుల కింద దాచింది. అయినా సంగతి బయటికి పొక్కింది. పై వాటాలో ఉండే అప్పలరాజు మావయ్య, నాన్నతో పనిచేసే ఆయన, పొద్దున్నే పళ్లు తోముకునే పుల్ల నోట్లో పెట్టుకుని దిగి వచ్చాడు. "ఏటి పాపా, ఫోను పంచుతన్నావంట! ఊరోలకెందుకే? మన సిన్నోడికి ఇచ్చీ. పేరు ఏటి రాసుకుంటావో రాసుకో, ఎవులు సూడొచ్చారు?" అన్నాడు. అలా కుదరదన్నాను. "కుదరకేటి! దేశంలో అన్నీ అలగే కుదురుతన్నాయి" అని నవ్వి, మా వాకిట్లోనే పుల్ల ఉమ్మేసి వెళ్లాడు.

ఇక పోటీ ప్రకటించాక వచ్చిన జనాన్ని గురించి ఏం చెప్పమంటారు? అంతవరకు నా బ్లాగు గడప తొక్కనివాళ్లందరూ ఒక్క వారంలో నా అభిమానులైపోయారు. నా రాతలు చదివి జీవితాలు మారిపోయాయన్నారు. ఏ రాత అని అడిగితే ఒక్కడూ చెప్పలేడు. ఒకడు తమ్ముడికి ఆపరేషన్, ఫోను కావాలన్నాడు. మర్నాడు ఆ తమ్ముడే వచ్చి అన్నకి ఆపరేషన్ అన్నాడు. ఫోనుతో ఏ రోగం కుదురుతుందో ఇద్దరూ చెప్పలేదు. ఒకే మనిషి ఆరు పేర్లతో వచ్చి తనని తానే మెచ్చుకున్నాడు. ఒకాయన శుద్ధ గ్రాంథికంలో నా మీద పద్యం కట్టాడు, అది మొదటి పాదంలోనే కుంటింది. ఈ సంత మధ్యన 'ఎరువుల కొట్టు' వ్యాఖ్య ఒకటి పడింది. "ఏరా, ఉన్న వస్తువు ఎలా వాడుకోవాలో చెప్పేవాడివి. ఇప్పుడు లేని వస్తువు కోసం ఎలా దేబిరించాలో నేర్పుతున్నావు. సంతలో పప్పుబెల్లాలు పంచితే మూగేది పాఠకులు కాదు, ఈగలు. ఛీ." అంతే. తప్పొప్పుల లెక్క కూడా లేదు. ఆ చివరి మాట చదివి రెండు పూటలు నాకు అన్నం సయించలేదు.

గడువు ముగిశాక చీటీలు వేద్దామన్నారు నాన్న. క్వార్టర్ల కేటాయింపులో చీటీలు తీయడం ఆయన చూశారు, కంప్యూటర్ లెక్కలకన్నా ఆయనకి దాని మీదే గురి. పాత క్యాలెండర్ కాగితాలు ముక్కలు చేసి, వ్యాఖ్య రాసిన ప్రతి పేరుకీ ఒక చీటీ రాశాం. ఆరు పేర్లవాడికి ఒకటే రాశాం. స్టీలు గుండిగలో వేసి కలిపి, అమ్మ చేత తీయించాం. అమ్మ చీటీ విప్పి, కళ్లు చికిలించి చదివింది. "ఎరువుల కొట్టు. ఇదేం పేరే?"

నేను నవ్వానో ఏడ్చానో గుర్తులేదు. "ఆయన పోటీకి రాయలేదు నాన్నా, తిట్టడానికి రాశాడు" అన్నాను. నాన్న నియమాల కాగితం తీసి, అద్దాలు పెట్టుకుని మళ్లీ చదివారు. "వ్యాఖ్య రాసిన ప్రతివారూ అని ఉంది. పొగిడినవారు అని లేదు. చీటీ ఎవరిది వస్తే వాళ్లదే" అన్నారు.

పేరు ప్రకటించగానే నా అభిమానులందరూ ఒక్కసారిగా ఈగల్లోంచి కందిరీగలైపోయారు. దొంగ పోటీ అన్నారు. ఎలమంచిలివాడట, నీ పక్కూరే, నీ చుట్టమే అన్నారు. జీవితం మారిపోయిందన్నవాడే నా పుట్టుపూర్వోత్తరాలు తీశాడు. సందీప్ ఫోను చేసి, తిట్టినవాడికి ఇవ్వడమేమిటి, బెంగళూరులో చదువుకుంటున్న ఒక కుర్రాడు చక్కగా కన్నీళ్లు వచ్చేలా రాశాడు, అతని పేరు వచ్చిందని మార్చేయండి, కథ బాగుంటుంది అన్నాడు. "చీటీ తీసేశాం" అన్నాను. "ఎవరు చూశారు మేడం?" అన్నాడు. అప్పలరాజు మావయ్యా ఇతనూ ఒకే బడిలో చదివినట్టున్నారు. నేను ఒప్పుకోలేదు. "అయితే ఫోటో మాత్రం కచ్చితంగా కావాలి, లేకపోతే పైవాళ్లకి నేను చెప్పుకోలేను, మీ ఉద్యోగం సంగతి కూడా" అని ఆపేశాడు.

'ఎరువుల కొట్టు'కి మెయిల్ రాశాను. వెంటనే జవాబు వచ్చింది. "నేనడగలేదు. నాకొద్దు. నీకు అంత గొడవగా ఉంటే ఎలమంచిలి మెయిన్ రోడ్డులో ఎవరినడిగినా కొట్టు చూపిస్తారు, వచ్చి మాట్లాడు." నాన్న వారపు సెలవు రోజున ఇద్దరం దువ్వాడలో పాసింజరు ఎక్కాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్యూటీకి పట్టుకెళ్లే సంచిలో ఫోను పెట్టె పెట్టుకున్నారు. దారి పొడుగునా ఆ పెద్దాయనతో ఎలా మాట్లాడాలో నాకు చెబుతూనే ఉన్నారు. పెద్దవాళ్లు కదా, తిడితే పడాలి, ఎదురు చెప్పకూడదు అని.

కొట్టు నిజంగానే అందరికీ తెలుసు. గుమ్మం దగ్గరికి వెళ్లేసరికే యూరియా, పురుగుమందు కలిసిన ఘాటు ముక్కుకి కొట్టింది. బస్తాల మధ్య బల్ల, బల్ల మీద ప్లాస్టిక్ కవరు కప్పిన కంప్యూటర్. దాని వెనక యాభై దాటిన ఒకావిడ కూర్చుని ఉంది. ముదురాకుపచ్చ చీర, ముక్కుకి రెండువైపులా ముక్కుపుడకలు, చెవి మీద పెన్ను. ఎదురుగా నిలబడ్డ ఒక రైతుని దులిపేస్తోంది. "మందు ఎంత కొట్టమన్నాను, నువ్వెంత కొట్టినావు? ఎక్కువ కొడితే పురుగు ఎక్కువ సస్తాదా? సేను సస్తాది. ఎల్లు, ఎల్లు." అతను తల గోక్కుంటూ వెళ్లిపోయాక ఆవిడ మా వైపు చూసి, నాన్నని పైనుంచి కిందికి కొలిచింది.

"మీట రాసీది నువ్వేనా?"

"ఆయ్, నేను కాదండి. మా అమ్మాయండి" అన్నారు నాన్న.

ఆవిడ పెన్ను చెవి మీంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఓలమ్మ! ఆడగుంటవా?"

"ఎరువుల కొట్టు... మీరాండీ?" అన్నాను నేను.

"మరెవులనుకున్నావు?"

"ముసలాయన అనుకున్నానండి."

ఆవిడ బస్తాలు అదిరేలా నవ్వింది. "మా ఆయన ఎనక గదిలో పేకాడుతన్నాడు. కొట్టు ఆయన పేరు మీదున్నాది, సాకిరీ నా పేరు మీదున్నాది. ఇన్నాళ్లూ నిన్ను మొగోడనీసి ఏరా, ఓరే అని తిట్టీసినాను గదే!" అంది. ఆవిడ పేరు నూకరత్నం. మాకు టీ తెప్పించింది, నాన్నకి కుర్చీ వేయించింది. నవ్వు అంతటితో సరి. ఫోను పెట్టె బల్ల మీద పెట్టగానే మొహం మళ్లీ బిగుసుకుంది. వాసన చూసి, "ఏటిది, ఏపాకు కంపు?" అంది. బియ్యం డబ్బా సంగతి చెప్పాను. పెట్టెని ఒక వేలితో నా వైపు తోసేసింది.

"నానేటి అడుక్కున్నానా నిన్ను? నాకొద్దు. తీసుకెల్లిపో."

"నియమం ప్రకారం మీదేనండి. మీరు తీసుకోకపోతే నేను దొంగ పోటీ పెట్టానంటున్నారు."

"అననీ. ఆళ్లు నీ రాత సదివినోలు కాదు. రేపింకోడు ఇంకోటిత్తానంటే అక్కడికి పోతారు." ఆవిడ గొంతు తగ్గింది. "ఒకటి సెప్తాను ఇను. ఈ కంప్యూటర్ని మందుల కంపెనీవోలు అంటగట్టినారు, బిల్లులు దీంట్లోనే కొట్టాలనీసి. మా ఆయనకి రాదు. నాకూ రాదు. బాగుసేసీవోడిని పిలిస్తే, నీకెందుకమ్మా, మీ ఆయన్ని పిలువు అన్నాడు. అప్పుడు నీ రాత దొరికినాది. తెల్ల కాయితం ఎందుకొస్తందో సదివి, నా సేత్తో నానే ప్రింటరు బాగుసేసుకున్నాను. ఆ దినం నుంచీ నువ్వు రాసినవన్నీ సదువుతన్నాను. అలాటిదానివి నువ్వు ఫోన్లు పంచుతంటే నాకు వొళ్లు మండిపోయినాది. నీకేటి తక్కువనీసి?"

నా రాతతో ఒక మనిషికి ఒక్క పని జరిగిందని ఎదురుగా కూర్చుని చెప్పగా విన్నది అదే మొదలు. తిడుతూ చెప్పింది కాబట్టి నమ్మబుద్ధేసింది. ఉద్యోగం ఆశ చూపారని, ఫోటో లేకపోతే అదీ పోతుందని ఉన్నమాట చెప్పేశాను. నాన్న టీ గ్లాసు చేతిలో పట్టుకుని నేల చూపులు చూస్తున్నారు. ఉద్యోగం సంగతి నేను అంత ఆశగా చెప్పడం ఆయనా అప్పుడే విన్నారు.

నూకరత్నం గారు చాలాసేపు ఆలోచించింది. మధ్యలో ఇద్దరికి యూరియా అమ్మింది. చివరికి, "సరే, ఉంచుకుంటాను. ఈ పంట కోసీదాకా వాడతాను. వాడి ఎలగున్నాదో రాస్తాను. నువ్వది నీ దాంట్లో ఎయ్యాలి. బాగుంటే బాగున్నాదంటాను, లేపోతే లేదంటాను. ఒప్పుకుంటేనే ఫోటో" అంది. ఒప్పుకున్నాను. ఫోటో నాన్నే తీశారు. వెనక బస్తాలు, చెవి మీద పెన్ను. ఆవిడ ఫోనుని చచ్చిన ఎలకని తోక పట్టుకున్నట్టు పట్టుకుని, నా వైపు ఉరిమి చూస్తోంది. "కాస్త నవ్వండమ్మా" అన్నారు నాన్న. "ఎందుకు నవ్వాల?" అంది.

సందీప్ కూడా అదే అడిగాడు, నవ్వుతున్నది ఇంకోటి లేదా అని. లేదన్నాను. కొన్నాళ్లకి కంపెనీ వాళ్ల పేజీలో 'ఎలమంచిలి విజేత' అని ఫోటో వేశారు. అందులో ఉన్నది జుట్టు విరబోసుకుని, ఫోనుని బుగ్గకి ఆనించుకుని ఫకాలున నవ్వుతున్న ఎవరో మోడల్ పిల్ల. వెనకాల మంచు కొండలు. ఎలమంచిలిలో మంచు కొండలు! ఆ మధ్యాహ్నమే ఆవిడ ఫోను చేసింది. "ఎవులే ఈ గుంట? నా పేరెట్టుకుని పళ్లికిలిస్తంది!"

పంట కోతలయ్యాక ఆవిడ రాసి పంపింది. ఎండలో బొమ్మ కనిపించదని రాసింది. మధ్యాహ్నానికే చార్జింగు అయిపోతోందని, తమ ఊళ్లో కరెంటు దాని ముచ్చట తీర్చేలా ఉండదని రాసింది. చేతికి ఎరువు పొడి ఉంటే వేలుని గుర్తుపట్టదని, "కష్టపడే వేలంటే దీనికి లోకువ" అనీ రాసింది. తెలుగు అక్షరాలు తలకట్లు ఊడిపోయి వస్తున్నాయంది. పాటలు మాత్రం బాగా వినిపిస్తున్నాయి, కానీ ఎరువులు పాటలు విని కొనరు అంది. చివర్న, "ఉచితంగా వచ్చింది కాబట్టి ఊరుకున్నాను, డబ్బు పోసి కొంటే తయారుచేసినవాడి కొంప మీదకి వెళ్లేదాన్ని" అని ముగించింది. అంత మంచి రాత నా బ్లాగులో నేనెప్పుడూ రాయలేదు.

అది వేయబోతున్నట్టు సందీప్‌కి చెప్పాను. అతను మొదట నవ్వాడు. తర్వాత బతిమాలాడు. ఆ తర్వాత, ఇది వేస్తే ఉద్యోగం గురించి మా వైపు నుంచి ఇక ఫోను రాదండి అన్నాడు, చాలా మర్యాదగా. రాత్రి డ్యూటీ చేసి వచ్చి నాన్న లోపల నిద్రపోతున్నారు. అమ్మ పెరట్లో బట్టలు దులుపుతోంది. నేను దుప్పటి మడత మీద కీబోర్డు పెట్టుకుని కూర్చున్నాను. హైదరాబాద్‌లో ఒక గది, నా పేరుతో ఒక బల్ల, నెల తిరిగేసరికి జీతం, టౌన్‌షిప్‌లో నోళ్లు మూతపడటం అన్నీ కళ్ల ముందు ఆడాయి. నేను త్యాగమూర్తిని కాను, ఆ ఉద్యోగం నాకు నిజంగా కావాలి. కానీ ఆ మనిషి తన ప్రింటరు తానే బాగుచేసుకున్నానని చెప్పిన గొంతు చెవిలో ఉంది. ఈ రాత ఆపితే రేపు నేను ప్రింటరు గురించి ఏం రాసినా ఆవిడ నమ్మదు, నమ్మకూడదు కూడా. వేసేశాను. అమ్మ లోపలికి వచ్చి, "ఏమైందే, మొహం అలా ఉంది?" అంది. "ఉద్యోగం పోయింది" అన్నాను. "ఎప్పుడొచ్చింది?" అంది అమ్మ.

పోటీకొచ్చిన మూక ఒక్కడూ ఆ రాత చదవలేదు. వాళ్లు అప్పటికే ఇంకెవడో టోపీలూ చొక్కాలూ పంచుతుంటే అటు పోయారు. నా బ్లాగు మళ్లీ పాత చిన్న బ్లాగైంది. ఆ ఏడాదే పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో నాకు పని దొరికింది, ఓడల కాగితాలు చూసుకునే పని. సాయంత్రాలు 'మీట' రాసేదాన్ని. నూకరత్నం గారు చార్జర్లు, టార్చిలైట్లు, తూకం యంత్రాలు, చేతికి దొరికినవన్నీ వాడి, తిట్టి పంపేది. కొనుక్కున్నవే, ఎవరూ ఇచ్చినవి కావు. కొన్నేళ్లు అలా నడిచింది. తర్వాత చదివేవాళ్లు చూసేవాళ్లయిపోయారు. 'మీట' ఆగిపోయింది.

ఇప్పుడు నగరంలో ఏ మూల చూసినా పంచుడే. బట్టల దుకాణం పంచుతుంది, బిర్యానీ హోటల్ పంచుతుంది, పార్టీలు సరేసరి. తీసుకునేవాడికి ఏడుపు కూడా నేర్పించి వీడియో తీసుకుంటున్నారు. ఆ రోజుల్లో మేమేదో గొప్పవాళ్లమని నేను అనను. మూక అప్పుడూ మూకే. బెంగళూరు కుర్రాడి కన్నీళ్లకి బేరం పెట్టినవాడు అప్పుడూ ఉన్నాడు, మంచు కొండల్లో ఎలమంచిలిని నిలబెట్టినవాడు అప్పుడూ ఉన్నాడు. ఒక్కటే తేడా. ఛీ అనేవాళ్లు అప్పుడు ఒక్కరైనా ఉండేవారు, ఆ మాట నేరుగా రాసినవాడికే తగిలేది. ఆ హోటల్ హాల్లో ఆ యువకుడిని ఛీ అనడానికి నాకే నోరు రాలేదు. శాలువా కప్పుకుని, చప్పట్లు కొట్టి వచ్చాను.

ఇదంతా రాస్తున్నానని మొన్న నూకరత్నం గారికి ఫోను చేసి చెప్పాను. కొట్టు ఇప్పుడు కోడలు చూసుకుంటోంది. ఆవిడ చూపు మందగించింది, గొంతు మాత్రం తగ్గలేదు.

"ఏటి రాస్తన్నావు?"

"మీ గురించేనండి. ఫోను సంగతి."

"అందులో నన్ను మంచిదాన్ననీసి రాసినావేటి?"

"లేదండి. ఉన్నట్టే రాశాను."

కోడల్ని పిలిచి కళ్లద్దాలు ఎక్కడున్నాయని అడగడం వినిపించింది.

"అయితే పంపు, సదువుతాను" అంది.